మడత సైకిల్ హ్యాండిల్ సర్దుబాటు

మడత సైకిల్ హ్యాండిల్ సర్దుబాటు అనగా మడతపెట్టుటకు వీలైన సైకిల్‌ను తొక్కేవారు ముందుకు ఎక్కువగా వంగకుండా, నిటారుగా కూర్చొనేటట్లు హ్యాండిల్ ఎత్తును, కోణాన్ని మార్చుట. మణికట్లు, మెడ, భుజాలపై పడే ఒత్తిడిని తగ్గించుకొనుటకు దీనిని చేస్తారు. మడత సైకిల్‌లో హ్యాండిల్‌ను మోసే గొట్టానికి అడుగుభాగంలో కీలు ఉంటుంది. కావున ఈ మార్పు సౌకర్యంతో పాటు భద్రతకు కూడా సంబంధించినది.

నేపథ్యం

తెలుగు ప్రాంతాలలో చిరకాలంగా వాడుకలో ఉన్న నల్లని రోడ్‌స్టర్ సైకిల్ హ్యాండిల్ పిడులు తొక్కేవారి వైపునకు వంగి ఉంటాయి. అందువలన దానిపై సహజంగానే నిటారుగా కూర్చోవచ్చు. మడత సైకిల్ చక్రాలు చిన్నవి. 16, 20 అంగుళాల చక్రాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఫ్రేము కూడా నేలకు దగ్గరగా ఉంటుంది. హ్యాండిల్‌ను చేతికందే ఎత్తుకు తెచ్చుటకు పొడవైన నిలువు గొట్టాన్ని అమర్చుతారు. దీనిని హ్యాండిల్ స్తంభం అనవచ్చు.

స్తంభంలో రకాలు

జారుడు స్తంభం: ఇందులో ఒక గొట్టం మరొక గొట్టంలో జారుతుంది. మీటను వదులు చేసి ఎత్తు మార్చవచ్చు. డేవిడ్ హాన్ 1982లో అమెరికాలో స్థాపించిన డాహన్ సంస్థ సైకిళ్ళలో పలు నమూనాలకు ఇటువంటి స్తంభం ఉన్నది.

స్థిర స్తంభం: దీని ఎత్తు మారదు. ఆండ్రూ రిచీ 1970లలో లండన్‌లో రూపొందించిన బ్రాంప్టన్ సైకిల్ ఈ కోవకు చెందుతుంది. దీనికి బదులుగా వేర్వేరు ఎత్తుల హ్యాండిళ్ళు లభిస్తాయి. నేల నుండి ఎస్ రకం సుమారు 93, ఎం రకం 101, హెచ్ రకం 107 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఎత్తైన రకానికి మారేటప్పుడు స్తంభాన్ని, కేబుళ్ళను కూడా మార్చవలసి రావచ్చు.

సర్దుబాటు విధానం

1. మొదట సీటు ఎత్తును సరిచేయాలి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు ఎత్తు మారితే హ్యాండిల్ అవసరం కూడా మారుతుంది.
2. జారుడు స్తంభాన్ని ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున పైకి తీయాలి. లోపలి గొట్టంపై ఉన్న హద్దు గీత బయటకు కనిపించరాదు.
3. వంపు గల హ్యాండిల్ అయితే బిగింపు బోల్టును వదులు చేసి, పిడులను కొద్దిగా వెనుకకు త్రిప్పవచ్చు. తరువాత బ్రేకు మీటలను వ్రేళ్ళకు అందే కోణంలో మరల అమర్చాలి.
4. బోల్టులను తయారీదారు సూచించిన మేరకు బిగించాలి.
5. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా త్రిప్పి, కేబుళ్ళు లాగుకొనిపోవడం లేదని చూడాలి.
6. సైకిల్‌ను ఒకసారి మడిచి, హ్యాండిల్ చక్రానికి గాని ఫ్రేముకు గాని తగలడం లేదని నిర్ధారించుకోవాలి.
7. చివరగా కీలు గొళ్ళెం పూర్తిగా పడినదని చూసి, నిలిపి ఉంచిన సైకిల్‌పై రెండు బ్రేకులను పరీక్షించాలి.

పరిమితులు, ప్రమాదాలు

స్తంభం పొడవు పెరిగినకొలది కీలుపై పడే వంపు బలం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కీలు నుండి పిడికి గల దూరం 45 సెంటీమీటర్ల నుండి 50కి పెరిగితే, చేతులు అంతే బలంతో లాగినప్పటికీ కీలుపై భారం సుమారు 11 శాతం అధికమవుతుంది. హద్దు గీత దాటితే రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఉండే భాగం తగ్గి, స్తంభం వంగుట, విరుగుట సంభవించవచ్చు. నడుస్తున్న సైకిల్‌పై స్తంభం విరిగితే బ్రేకులు, దిశ రెండూ ఒకేసారి చేయి జారిపోతాయి. కావున తయారీదారు అనుమతించని పొడిగింపు గొట్టాలను వాడరాదు. కీలు వద్ద పగుళ్ళు గాని, కదలిక గాని కనిపిస్తే మరమ్మతు అయ్యే వరకు సైకిల్‌ను తొక్కరాదు.

నిటారుగా కూర్చున్నప్పుడు శరీర భారంలో అధికభాగం సీటుపై పడుతుంది. అందుచేత కొందరికి వెడల్పైన సీటు అవసరమవుతుంది. గాలి నిరోధం కూడా పెరుగుతుంది. ముందు చక్రంపై బరువు తగ్గుటచే ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ తేలికగా ఊగవచ్చు. ఈ కారణాల వలన నిటారు భంగిమ నగరంలోని చిన్న ప్రయాణాలకు అనుకూలమైనది. దూర ప్రయాణాలకు, ఎదురుగాలికి కొద్దిగా ముందుకు వంగిన భంగిమ మేలు.