బిజినెస్ క్లాసు పుట్టుపూర్వోత్తరాలు

ప్రయాణాల్లో తరగతులు మన తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామి గారు 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకి బయలుదేరినప్పుడు ఆయన పల్లకీలో కూర్చుంటే బోయీలు మోసుకుంటూ నడిచారు. రైళ్ళు వచ్చాక ఫస్టు, సెకండు, ఇంటర్, థర్డ్ అని నాలుగు మెట్లు ఏర్పడ్డాయి. సెకండు క్లాసుకి డబ్బు చాలక, థర్డ్ క్లాసు ఎక్కడానికి మనసొప్పక నడుమ నలిగేవాళ్ళ కోసం ఇంటర్ క్లాసు వుండేది. కాలక్రమాన ఇంటర్ పోయింది, 1974లో థర్డ్ క్లాసూ పోయింది. అయితే మనం అమెరికా రావడానికీ పోవడానికీ ఎక్కే విమానాల్లో మాత్రం అటువంటి ఇంటర్ క్లాసే ఒకటి కొత్తగా పుట్టింది. దాని పేరు బిజినెస్ క్లాసు. అది ఎలా పుట్టిందో తెలిస్తే దాన్ని కొనాలా వద్దా అన్నది తేల్చుకోవడం సులువవుతుందని నాకు అనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాకు ఈ విషయం మీద ధ్యాస కలగడానికి కారణం మా ఇంట్లో జరిగిన చర్చ. మా పెళ్ళయి 50 ఏళ్ళు నిండుతున్నాయి. ఆ సందర్భంగా యూరప్ వెళ్ళి పారిస్, రోము, వియన్నా చూసి రావాలని అనుకున్నాం. అన్నేళ్ళుగా చూడలేదా అని మీరు అడగవచ్చు. మీలో చాలామంది పరిస్థితే మాదీ. దొరికిన ప్రతి సెలవూ ఇండియాకే సరిపోయింది. ఫ్రాంక్ ఫర్టు, లండన్ నగరాల్లో మేం చూసింది ట్రాన్సిట్ లాంజీలూ, వాటి అద్దాల్లోంచి కనబడే వానా మాత్రమే.

"నాన్నా, ఈసారి మీరిద్దరూ బిజినెస్ క్లాసులో వెళ్ళాల్సిందే, టిక్కెట్లు మేం కొంటాం" అని పిల్లలు పట్టుబట్టారు. మా ఆవిడకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది, కాళ్ళు ముడుచుకుని గంటలకొద్దీ కూర్చోలేదు. అయినా ఒప్పుకోలేదు. "ఏమండీ, ఒక్క రాత్రి నిద్రకి అంత డబ్బా? ఆ డబ్బుతో మా వూరి బళ్ళో రెండు గదులకి పైకప్పు వేయించొచ్చు" అంది. నేను 1970లో ఈ దేశానికి వచ్చినప్పుడు ప్రభుత్వం అనుమతించిన 8 డాలర్లు నా జేబులో వున్నాయి. అటువంటి చేత్తో వేల డాలర్ల టిక్కెట్టు అందుకోవడం నాకూ కష్టంగానే వుంది. ఇంజనీరుగా బతికినవాణ్ణి గనక, ఆ ధర దేనికి అడుగుతున్నారో ముందు తెలుసుకుందామని లైబ్రరీకి వెళ్ళి కూర్చున్నాను.

అందరూ ఒకే తరగతి

విమానంలో అట్లాంటిక్ దాటడం మొదట్లో ధనవంతుల పని. 1939 జూన్ 28న పాన్ యామ్ కంపెనీ వారి 'డిక్సీ క్లిప్పర్' అనే నీటిమీద వాలే విమానం న్యూయార్కు దగ్గర పోర్ట్ వాషింగ్టన్ నుంచి 22 మంది ప్రయాణికులతో బయలుదేరి, అజోర్స్ దీవులు, లిస్బన్ మీదుగా ఫ్రాన్సులోని మార్సేల్ చేరింది. పోవడానికి 375 డాలర్లు, రానుపోను 675. ఆ ఏడు ఒక కొత్త ఫోర్డు కారు ఖరీదు ఇంచుమించు అంతే. అందులో పడకలున్నాయి, భోజనాల గది వుంది. తరగతులు లేవు, ఎందుకంటే ఎక్కగలిగినవాళ్ళంతా ఒకే తరగతివాళ్ళు.

యుద్ధం ముగిసే ఏడాది, 1945లో, హవానా నగరంలో విమాన కంపెనీలన్నీ చేరి అయాటా అనే సంఘం పెట్టుకున్నాయి. ఏ దారికి ఎంత ఛార్జీ అన్నది ఆ సంఘం సభల్లో కూర్చుని తేల్చుకునేవారు, ప్రభుత్వాలు ఆమోదించేవి. ఒకడు తగ్గించి అమ్మడానికి వీల్లేదు. 1952 మే 1 నుంచి వారంతా కలిసి 'టూరిస్టు క్లాసు' ప్రవేశపెట్టారు. న్యూయార్కు నుంచి లండన్ కి ఫస్టు క్లాసు 395 డాలర్లయితే టూరిస్టు 270. బడిపంతుళ్ళూ, చిన్న ఉద్యోగులూ అట్లాంటిక్ మీద ఎగరడం అప్పుడే మొదలైంది.

1958లో ఇంకా చవకగా 'ఎకానమీ' వచ్చింది. ధర తక్కువ గనక భోజనమూ తక్కువగా వుండాలని అయాటా వారు శాండ్విచ్ మాత్రమే పెట్టాలని నియమం చేశారు. స్కాండినేవియా వారి ఎస్.ఎ.ఎస్. కంపెనీ ఒక రొట్టెముక్క మీద మాంసమూ, చేపలూ, కూరలూ గోపురంలా పేర్చి "ఇదీ శాండ్విచ్చే" అంది. పాన్ యామ్ ఫిర్యాదు చేసింది. పెద్దమనుషులు కూర్చుని శాండ్విచ్ అంటే ఏమిటో విచారించి ఎస్.ఎ.ఎస్. కి 20,000 డాలర్లు జుర్మానా వేశారు. వినడానికి నవ్వు వస్తుంది గానీ ఇందులో ఒక సంగతి వుంది. వెనక కూర్చున్నవాడికి తిండి కాస్త బాగా పెడితే ముందు సీటు ఎవరు కొంటారన్నదే వారి బెంగ. తరగతి అన్నది అక్కడ సుఖాన్ని పెంచడానికి ఎంత పనికొచ్చిందో, తగ్గించడానికీ అంతే పనికొచ్చింది.

తెర ఎందుకు కట్టారు?

1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటాయి. 1960 మే నెలలో ఎయిర్ ఇండియా బోయింగ్ 707 న్యూయార్కు చేరింది. 1965లో ఈ దేశపు వలస చట్టం మారడంతో మన డాక్టర్లూ, ఇంజనీర్లూ ఆ విమానాల్లోనే వచ్చారు. అప్పటికి వున్నవి రెండే తరగతులు, ఫస్టు, ఎకానమీ. 1970 జనవరిలో పాన్ యామ్ వారి 747 జంబో న్యూయార్కు నుంచి లండన్ వెళ్ళింది. పాత విమానానికి రెండింతలకి పైగా సీట్లు. అవి నిండాలంటే అమ్మాలి, అమ్మాలంటే తగ్గించాలి. 1973లో చమురు ధర పెరిగి పరిస్థితి మరీ బిగిసింది. నెలల ముందు కొంటే ఒక ధర, ఇన్నాళ్ళు వుండి తిరిగివస్తే ఒక ధర అని రకరకాల టిక్కెట్లు పుట్టాయి. 1977 సెప్టెంబరు 26న ఫ్రెడ్డీ లేకర్ అనే ఆయన లండన్ నుంచి న్యూయార్కుకి 'స్కైట్రెయిన్' నడిపి 59 పౌన్లకే టిక్కెట్టు ఇచ్చాడు. ఆయన కంపెనీ 1982 ఫిబ్రవరిలో దివాలా తీసింది గానీ చవక ధరల దారి మళ్ళీ మూసుకోలేదు. 1978లో అమెరికా తన దేశంలోపలి విమాన ఛార్జీల మీద ప్రభుత్వపు పట్టు తీసేసింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆఫీసు పని మీద రేపే ప్రయాణం అనేవాడు పూర్తి ఎకానమీ ఛార్జీ కట్టాలి. పక్క సీటులోని విద్యార్థి అందులో సగమో, ఇంకా తక్కువో కట్టి వచ్చాడు. ఇద్దరికీ అదే సీటు, అదే భోజనం. "మరి నేను ఎక్కువ కట్టింది ఎందుకు?" అని మొదటివాడు అడిగాడు. అడిగినవాడు ఏడాదికి ఇరవైసార్లు ఎక్కేవాడు గనక కంపెనీలు వినిపించుకున్నాయి. 1978లో బ్రిటిష్ ఎయిర్ వేస్ 'క్లబ్' అనీ, పాన్ యామ్ 'క్లిప్పర్ క్లాస్' అనీ పేర్లు పెట్టి, పూర్తి ఛార్జీ కట్టినవాళ్ళని ఎకానమీ ముందు భాగంలో విడిగా కూర్చోబెట్టాయి. 1979లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా వారి క్వాంటాస్, బిజినెస్ క్లాసు తామే కనిపెట్టామని చెప్పుకుంటుంది. మొదట్లో సీటు దాదాపు పాతదే. తేడా అల్లా ఒక తెర, ఉచితంగా పోసే పానీయాలు, కాస్త నిశ్శబ్దం.

నాకు ఈ చరిత్రలో ముఖ్యంగా తోచింది ఇదే. బిజినెస్ క్లాసు ఎవరికో గౌరవం చెయ్యడానికి పుట్టలేదు. ఒకే సీటుకి రెండు ధరలు కట్టినవాళ్ళు ఒకరి టిక్కెట్టు ఒకరు చూసుకోకుండా కట్టిన తెర అది. ఆ తొలి రూపం యూరప్ లోపలి చిన్న విమానాల్లో ఈనాటికీ చూడవచ్చు. పారిస్ నుంచి రోముకి బిజినెస్ క్లాసు కొంటే చాలా కంపెనీల్లో దొరికేది అదే ఎకానమీ సీటు. మధ్య సీటు ఖాళీగా వుంచుతారు, ముందు తెర వేస్తారు, భోజనం పెడతారు.

కుర్చీ మంచమైన వైనం

తెర చాలదని త్వరలోనే తేలింది. పోటీలో సీట్లు వెడల్పయ్యాయి, వెనక్కి వాలాయి. 1984 జూన్ లో మొదలైన వర్జిన్ అట్లాంటిక్ తన బిజినెస్ సీటుకి 'అప్పర్ క్లాస్' అని పేరు పెట్టి ఫస్టు క్లాసు అన్నదే లేకుండా చేసింది. 2000 సంవత్సరంలో బ్రిటిష్ ఎయిర్ వేస్ బిజినెస్ క్లాసులో పూర్తిగా చదునుగా పరుచుకునే పడక తెచ్చింది. మిగతావారిలో కొందరు కొన్నాళ్ళు ఏటవాలుగా పరుచుకునే సీట్లు పెట్టారు. వాటిలో పడుకుంటే జారుడుబల్ల మీద నిద్రపోయినట్టే. 2017లో ఖతార్ ఎయిర్ వేస్ ఆ పడకకి తలుపు కూడా బిగించింది. ఈ పోటీలో విమానమంతా బిజినెస్ క్లాసుగా నడిపిన మ్యాక్స్ జెట్, ఇయోస్, సిల్వర్ జెట్ కంపెనీలు 2007 డిసెంబరు, 2008 మే నెలల మధ్య ఒకదాని వెనక ఒకటి మూతబడ్డాయి. 2014లో న్యువార్కు, పారిస్ మధ్య లా కంపనీ అనే సంస్థ మళ్ళీ అదే ప్రయత్నం చేసి నిలబడింది.

నడిమి తరగతి ఇలా పైకి పాకేసరికి కింద మళ్ళీ ఖాళీ ఏర్పడింది. 1990ల మొదట్లో తైవాన్ వారి ఎవా ఎయిర్, వర్జిన్ అట్లాంటిక్ ఆ ఖాళీలో ఇంకో తరగతి పెట్టాయి. అదే ప్రీమియం ఎకానమీ. అంటే ఇంటర్ క్లాసు ఇంకోసారి పుట్టిందన్నమాట.

కొనేవారికి పనికొచ్చే నాలుగు సంగతులు

ఈ చరిత్రంతా చదివాక మా టిక్కెట్ల విషయంలో నేను గమనించినవి చెబుతాను.

మొదటిది గడియారం. ఈ తూర్పు తీరం నుంచి యూరప్ వెళ్ళే విమానాల్లో ఎక్కువ భాగం సాయంత్రం బయలుదేరి తెల్లారేసరికి దిగుతాయి. న్యూయార్కు నుంచి లండన్ ఏడు గంటలకి అటూ ఇటూ. భోజనానికీ, పొద్దుటి కాఫీకీ పోగా నిద్రకి మిగిలేది నాలుగైదు గంటలు. తిరుగు ప్రయాణం ఎదురుగాలి వల్ల కాస్త ఎక్కువసేపు, కానీ దాదాపు అంతా పగలే. పడక అవసరమయ్యేది వెళ్ళేటప్పుడు. రానుపోను టిక్కెట్టులో వెళ్ళేది ఒక తరగతి, వచ్చేది ఇంకో తరగతి పెట్టి కొనవచ్చు.

రెండోది, కంపెనీ పేరు కంటే విమానం రకం ముఖ్యం. ఒకే కంపెనీకి చెందిన రెండు విమానాల్లో సీట్లు వేరుగా వుంటాయి. వరసకి ఒకటి, రెండు, ఒకటి చొప్పున వుంటే ఎవరినీ దాటకుండా లేచి వెళ్ళవచ్చు, మధ్య రెండు సీట్లు దంపతులకి అనుకూలం. టిక్కెట్టు అమ్మే కంపెనీ ఒకటి, విమానం నడిపే కంపెనీ ఇంకొకటి కావడం కూడా మామూలే. 1993లో కె.ఎల్.ఎం., నార్త్ వెస్ట్ కలిసి ధరలు పెట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చినప్పటినుంచి అట్లాంటిక్ మీద ఇటువంటి పొత్తులు పెరిగాయి. అంచేత రెండు పేర్లు కనబడినంత మాత్రాన రెండు ధరలు వున్నట్టు కాదు.

మూడోది, యూరప్ వారి చట్టం. 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో వున్న నియమం ప్రకారం, కట్టిన తరగతి కంటే కింది తరగతిలో కూర్చోబెడితే ఇంత దూరపు ప్రయాణానికి ఆ టిక్కెట్టు ధరలో 75 శాతం వెనక్కి ఇవ్వాలి. ఈ రక్షణ యూరపియన్ యూనియన్ నుంచి బయలుదేరే అన్ని విమానాలకీ వుంది. ఇక్కడినుంచి వెళ్ళేటప్పుడు మాత్రం యూరపియన్ కంపెనీ విమానమైతేనే వర్తిస్తుంది.

నాలుగోది పన్ను. బ్రిటన్ 1994లో పెట్టిన ప్రయాణికుల పన్ను అక్కడినుంచి బయలుదేరే దూరప్రయాణాల్లో ఎకానమీ కంటే బిజినెస్ వారికి బాగా ఎక్కువ. యాత్ర లండన్ లో ముగించేవారు ఆ లెక్క ముందే చూసుకోవడం మంచిది.

చివరికి మేం వెళ్ళేటప్పుడు బిజినెస్ క్లాసు, వచ్చేటప్పుడు ప్రీమియం ఎకానమీ తీసుకున్నాం. ఊళ్ళ మధ్య రైలు. "మోకాళ్ళ కోసం అయితే సరే, గొప్ప కోసం అయితే వద్దు" అని మా ఆవిడ ఒప్పుకుంది. తిరుగు ప్రయాణంలో మిగిలిన సొమ్ము ఆవిడ చెప్పిన బడికి పంపమని పిల్లలకి చెప్పాం. రెండు గదులకి చాలదు గానీ ఒకదానికి పైకప్పు పడుతుంది.

మన తరం వాళ్ళలో చాలామందికి ముందు సీటంటే ఒక బెరుకు, తర్వాతి తరానికి అదొక మోజు. రెండింటికీ అక్కడ పెద్ద కారణం లేదని ఈ చరిత్ర చెబుతోంది. తెర తొలగించి చూస్తే అక్కడున్నది ఒక మంచం, దానికొక అద్దె. రాత్రి పడక అవసరమైన వయసులో, అద్దె కట్టగలిగిన స్థితిలో వున్నవాళ్ళు లెక్క చూసుకుని తీసుకోవచ్చు. అవసరం లేనివాళ్ళు వెనక కూర్చున్నా పారిస్ అదే పూటకి చేరతారు.