గేరు ఎక్కడున్నదో ఎవరికి తెలుసు?

ఆ మధ్య ఒక సాయంకాలం మంచిర్యాలలో ఒక మరమ్మతు షెడ్డు ముందు కూర్చోవలసి వచ్చింది. లోపల ఒక పాత జీపుకు కామన్ రైల్ డీజిలు ఇంజను కూర్చారు. కంప్యూటరు అనుమతి లేనిదే ఊపిరి తీయని రకమది. బ్యాటరీ నిండుగా ఉన్నది, డీజిలు ఉన్నది, తాళంచెవి తిప్పితే మాత్రం స్టార్టరు కదలదు. మిస్త్రి చాలాసేపు వెదికి, చివరకొక తీగను చేతబట్టుకొని అన్నాడు: "బండి న్యూట్రల్‌ల ఉన్నదని దీనికి ఎవ్వలూ చెప్తలేరు సార్."

ఆ మాట నన్ను తొంభై ఏళ్ళు వెనక్కు తీసుకుపోయింది.

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. గ్లాస్గోలో తయారైన ఆల్బియన్ బస్సులు అప్పుడే మన రోడ్లెక్కాయి. గేరు పళ్ళను సుతారంగా కలిపే సింక్రోమెష్ అమర్చిన కార్లను అమెరికాలో కాడిలాక్ 1928లోనే అమ్మకానికి పెట్టినా, ఆనాటి బస్సులకు సాధారణంగా ఆ భాగ్యం లేదు. క్లచ్చి తొక్కి గేరు విడిపించాలి, వదిలి ఇంజను వేగం సరిచూసుకోవాలి, మళ్ళీ తొక్కి గేరు వేయాలి. లెక్క తప్పితే పళ్ళు కరకరమంటాయి. బండి ఏ గేరులో ఉన్నదో చెప్పే దీపమేదీ లేదు. ఆ సంగతి డ్రైవరు అరచేతికి, చెవికి మాత్రమే తెలుసు.

స్వాతంత్ర్యం తరువాత మహీంద్రా వారి ద్వారా మనకు అందిన విల్లీస్ జీపులదీ అదే కథ. వాటి మూడు గేర్లలో మొదటిదానికి సింక్రోమెష్ లేదు. నిర్మల్ దాటాక వచ్చే మహబూబ్ ఘాట్‌లోనూ, ఆసిఫాబాదు–ఉట్నూరు దారిలోని కెరమెరి ఘాట్‌లోనూ బరువుతో ఎక్కే బండికి కావలసింది ఆ మొదటి గేరే! ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలన్నది ఘాట్ డ్రైవర్ల నియమం. న్యూట్రల్‌లో జారవిడిస్తే ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. దాని కారణాల విచారణ ఈ వ్యాసం పని కాదు. కాని ఆనాటి నుండి ఏ వాలులో దిగుతున్నా నా చూపు డ్రైవరు ఎడమచేతి మీదికే పోతుంది.

డీజిలు చవకగా ఉన్న రోజుల్లో దేశమంతటా జీపుల పెట్రోలు ఇంజన్లు తీసి డీజిలువి బిగించారు. అదంతా ఇనుప పని. ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ పలక కోయించాలి, మౌంటింగులు మార్చాలి, షాఫ్టు కొస సరిగ్గా కూర్చోవాలి. ఇంజనును ఆపడానికి ఒక లాగుడు కేబులు చాలు. గేరుబాక్సు నుండి వచ్చే తీగ ఏదైనా ఉంటే అది వెనుక దీపానికి; తెగిపోయినా ఎవరికీ పట్టేది కాదు.

ఇప్పుడలా కాదు. గేరుబాక్సు గోడలో మరతో బిగించిన చిన్న స్విచ్చు, దాని కొసన ఒక గుండు, లోపల గేరు మార్చే కడ్డీ మీద ఒక గాడి. కడ్డీ న్యూట్రల్‌కు రాగానే గుండు కదులుతుంది, స్విచ్చు తన మాట చెబుతుంది. కొన్ని స్విచ్చులు అప్పుడు మూసుకుంటాయి, కొన్ని తెరుచుకుంటాయి. ఒకదాని బదులు మరొకటి పెడితే కంప్యూటరుకు అంతా తలకిందులుగా తోస్తుంది.

మన జీపు గేరుబాక్సుకు అసలా స్విచ్చే లేదు. సహాయకుడు తేలిక దారి చెప్పాడు: ఆ తీగను శాశ్వతంగా బాడీకి కలిపేస్తే కంప్యూటరు ఎప్పుడూ న్యూట్రలే అనుకుంటుంది. మిస్త్రి ఒప్పుకోలేదు. "కేస్లాపూర్ జాతరల ఎవడన్న కిటికీల చెయ్యి పెట్టి తాళం తిప్పుతడు. గేరుల ఉంటే ముందల ఉన్నోడు ఏమైతడు?" అమెరికాలో ఆటోమేటిక్ కార్లు గేరులో ఉండగా స్టార్టరు తిరగరాదని 1968 నుండి నియమం ఉన్నది. మన మిస్త్రి దానిని చదివి ఉండడు.

గేరు కర్ర మొదట్లో, అది నడుమకు వచ్చినప్పుడే నొక్కుకునేలా ఒక చిన్న స్విచ్చు బిగించాడు. కర్ర వదులైతే అది తప్పు చెప్పవచ్చునని తనే అన్నాడు. అందుకని క్లచ్చి పెడలు కింద మరొకటి పెట్టి, రెండింటినీ వరుసగా కలిపాడు. టెస్టు లాంపు కంప్యూటరును కాల్చవచ్చునని మీటరుతోనే చూశాడు.

చట్టం మాట కూడా యజమానితో అన్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇటువంటి మార్పులకు హద్దులు పెట్టింది. 2019లో సుప్రీంకోర్టు వాటిని గట్టిగా సమర్థించింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

చీకటి పడింది. మిస్త్రి రెండో గేరు వేసి తాళం తిప్పాడు, చప్పుడు లేదు. న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్చి తొక్కకుండా తిప్పాడు, లేదు. తొక్కి తిప్పాడు, ఇంజను అందుకుంది. అప్పుడు రివర్సు వేసి, సహాయకుణ్ణి వెనక్కు పంపి దీపం వెలిగిందా అని అడిగాడు. వెలగలేదు. మళ్ళీ బండి కింద దూరాడు.