ఒకే జంగ్, రెండు కలాలు

1855 వేసవి. క్రిమియాలో సెవస్తపోల్ షహర్‌ని బ్రిటిష్, ఫ్రెంచ్, తుర్కీ ఫౌజులు ముట్టడించి నెలలు గడిచాయి. జూన్ 18న ఇంగ్రేజులు, ఫ్రెంచివాళ్లు కలిసి చేసిన హమ్లాని రష్యన్లు తిప్పికొట్టారు. ఆ రోజుల్లోనే ఒక హిందుస్తానీ ముసల్మాన్ ఆ జంగ్‌ని కళ్లారా చూడటానికి వచ్చాడు. పేరు అజీముల్లా ఖాన్. బిఠూర్ నానా సాహెబ్‌కి వకీలు. ఆగిపోయిన పేష్వా పెన్షన్ కోసం లండన్ వెళ్లి, ఖాళీ చేతుల్తో వెనక్కి వస్తూ కాన్‌స్టాంటినోపుల్‌లో ఆగాడు. అక్కడ హోటల్లో ఒక ఐరిష్ అఖ్బార్‌వాలా పరిచయమయ్యాడు. ఇంగ్రేజుల్నీ ఫ్రెంచివాళ్లనీ కలిపి కొట్టిన ఆ రష్యన్ రుస్తుంలను చూడాలని ఉందన్నాడు అజీముల్లా. అన్నట్టే బాలక్లావా వెళ్లాడు. ఆ అఖ్బార్‌వాలా డేరాలోనే రాత్రి ఉన్నాడు. రష్యన్ తోపులు పేలుతుంటే చూస్తూ కూచున్నాడు.

రెండేళ్లు తిరక్కముందే కాన్పూర్‌లో బగావత్ లేచింది. నానా సాహెబ్ పక్కన అజీముల్లా ఉన్నాడు. ఆ రోజు తన డేరాలో పడుకున్నది ఎవరో ఆ అఖ్బార్‌వాలాకి అప్పుడు తెలిసొచ్చింది. ఈ కిస్సా ఆయనే తన హిందుస్తాన్ డైరీలో రాసుకున్నాడు. ఆయన పేరు విలియం హోవర్డ్ రసెల్. లండన్ టైమ్స్ రిపోర్టర్.

జర్నలిజం పాఠాల్లో జంగ్ మైదాన్ రిపోర్టర్ అనగానే మొదట వచ్చే పేరు ఇదే. నిజానికి రసెల్ కంటే ముందు కూడా కొందరున్నారు. 1808లోనే టైమ్స్ తరఫున క్రాబ్ రాబిన్సన్ స్పెయిన్ వెళ్లాడు. కానీ ఆయన కోరున్నా రేవులో తోపుల చప్పుడు విన్నాడే గానీ యుద్ధం లోపలికి వెళ్లలేదు. అప్పట్లో అఖ్బార్లకి జంగ్ ఖబర్లు ఎక్కువగా ఫౌజీ అఫ్సర్ల ఖత్‌ల నుంచే వచ్చేవి. ఓడినా గెలిచినట్టే రాసుకునేవారు. తమ గురించి తామే రాసుకుంటే ఇంకెలా ఉంటుంది!

1854లో ఎడిటర్ డిలేన్ రసెల్‌ని ఫౌజు వెంట పంపాడు. ఫౌజు ఆయనకి డేరా ఇవ్వలేదు, రేషన్ ఇవ్వలేదు. సిపాహ్‌సాలార్ లార్డ్ రాగ్లాన్ ఆయన ఉనికినే ఒప్పుకోలేదు. రసెల్ ఏం చేశాడంటే సిపాయిల మధ్య తిరిగాడు, కనిపించినవాణ్ణల్లా అడిగాడు, రాత్రుళ్లు కూచుని పొడుగాటి ఖత్‌లు రాశాడు. అక్టోబర్ 25న బాలక్లావాలో ఒక తప్పుడు హుకుం మీద 670 మంది దాకా సవార్లు రష్యన్ తోపులకి ఎదురెళ్లారు. గుట్ట మీద నుంచి ఆయన అంతా చూశాడు. ఆ ఖబర్ లండన్‌లో అచ్చయింది నవంబర్ 14న. అంటే ఇరవై రోజులకి. మనకిప్పుడు ఇరవై నిమిషాలు ఆగినా ఓర్పుండదు.

అసలు దెబ్బ ఆ సవార్ల కిస్సా కాదు. చలికి బట్టల్లేక, కలరాకి మందుల్లేక సిపాయిలు ఎలా చస్తున్నారో రసెల్ రాశాడు. అదే టైమ్స్‌కి కాన్‌స్టాంటినోపుల్ నుంచి రాసే థామస్ చెనరీ స్కుటారీ ఆస్పత్రి దుర్గతి రాశాడు. చదివిన జనం భగ్గుమన్నారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో బయల్దేరింది. 1855 జనవరి ఆఖర్లో అబర్డీన్ హుకూమత్ కూలిపోయింది. ఫౌజు దీన్ని మర్చిపోలేదు. 1856 ఫిబ్రవరిలో, జంగ్ అయిపోవస్తున్నప్పుడు, దుష్మన్‌కి పనికొచ్చే ఖబర్ రాసినవాణ్ణి మైదాన్ నుంచి వెళ్లగొట్టేలా హుకుం జారీ చేశారు. రిపోర్టర్‌ని ఫౌజు అదుపులో పెట్టే సిల్‌సిలా అక్కడ మొదలైంది.

ఇప్పుడు దిల్లీకి రండి. అక్కడ మౌల్వీ ముహమ్మద్ బాకర్ 'దిల్లీ ఉర్దూ అఖ్బార్' అనే వారపత్రిక నడిపేవారు. 1857 మే 11 పొద్దున మీరట్ సిపాయిలు షహర్‌లోకి వచ్చారు. గలాటా విని ఈ పెద్దమనిషి ఇంట్లో తలుపేసుకోలేదు. ఖబర్ కోసం బయటికి నడిచారు. సిపాయిల్ని చూశారు, లూటీ చూశారు. మే 17 సంచికలో తను చూసిందంతా రాశారు. ఇంగ్రేజుల గురూర్‌కి ఇది అల్లా వేసిన సజా అన్నది ఆయన నమ్మకం. ఆయన ఎవరి పక్షమో దాచుకోలేదు. జూలైలో బాదుషా పేరు మీద పత్రిక పేరునే 'అఖ్బారుజ్ జఫర్' అని మార్చారు.

కానీ నాకు ఆయన మీద ఇజ్జత్ పెరిగింది ఇందుకు కాదు. తన పక్షం సిపాయిల తప్పుల్ని కూడా ఆ పత్రిక రాసింది. దుకాణాలు దోచారని రాసింది. సిపాయి చాందినీ చౌక్ చుట్టి, అక్కడి మిఠాయి తిని, షహర్ నీళ్లు తాగాడంటే జంగ్ మీద జోష్ చల్లారిపోతోందని వెటకారం చేసింది. చుట్టూ గుళ్లు పడుతుండగా ఇలా రాయడానికి దమ్ము కావాలి. ఆ జూన్‌లోనే కలకత్తాలో గవర్నర్ జనరల్ క్యానింగ్, లైసెన్సు లేకుండా ఛాపాఖానా నడపకూడదని కానూన్ తెచ్చాడు.

సెప్టెంబర్‌లో ఇంగ్రేజులు దిల్లీని మళ్లీ పట్టుకున్నారు. మౌల్వీ సాబ్‌ని అరెస్టు చేసి, ఆ నెలలోనే చంపేశారు. దిల్లీ కాలేజీ ప్రిన్సిపల్ టేలర్ ఖత్ల్ నేరం కూడా ఆయన మీద మోపారు. టేలర్ ఆయనకి పాత దోస్త్, పనాహ్ కోరి ఆయన ఇంటికే వచ్చినవాడు.

నాలుగు నెలలకి, 1858 జనవరిలో, రసెల్ కలకత్తాలో దిగాడు. మార్చిలో లఖ్‌నవూ మీద హమ్లా జరిగినప్పుడు క్యాంప్‌బెల్ ఫౌజుతో ఉన్నాడు. దిల్‌కుషా మీద నుంచి ఆ షహర్ గుంబజ్‌లూ మీనార్లూ చూసి రోమ్, ఏథెన్స్ కూడా దీని ముందు దిగదుడుపే అన్నాడు. తర్వాత కైసర్‌బాగ్‌లో గోరా సిపాయిలు అద్దాలు పగలగొట్టి, షాల్వలు చింపి, నగలు జేబుల్లో కుక్కుకోవడం చూశాడు. ఒక సిపాయి రాళ్ల హారం చూపించి వంద రూపాయలకి ఇస్తానన్నాడట. ఆ క్షణంలో జేబులో పైసా లేక రసెల్ కొనలేకపోయాడు. అదీ దాచకుండా రాసుకున్నాడు. లూటీని తప్పుబట్టినవాడే లూటీ మాల్‌కి బేరమాడాడు!

అయితే ఆయన ఇంకొకటి కూడా రాశాడు. ముసల్మాన్ ఖైదీలకి ఉరికి ముందు పంది కొవ్వు పూయడం, పంది తోలులో కుట్టడం లాంటి పనులు ఇంగ్రేజుల మొహానికే మచ్చ అన్నాడు. ఇంగ్రేజ్ ఆడవాళ్ల ముక్కుచెవులు కోశారని విలాయత్‌లో పుట్టిన పుకార్లకి సబూత్ అడిగి, దొరకలేదన్నాడు. దిల్లీలో ఖైదులో ఉన్న బహదూర్ షా జఫర్‌ని చూడటానికి వెళితే, ఎనభై దాటిన ఆ ముసలాయన చీకటి వసారాలో గొంతుకూచుని ఇత్తడి పళ్లెంలోకి కక్కుకుంటున్నాడు. కంపెనీకి నమక్‌హరామీ చేశాడని ఈయన మీద ఇల్జామ్ ఏమిటి, అసలు ఎవరి నమక్ ఎవరు తిన్నారని రసెల్ నిలదీశాడు. విజేతల పత్రికలో పనిచేస్తూ ఈ మాట అన్నందుకు ఆయనకి సలాం చెయ్యాల్సిందే.

మన హైదరాబాద్‌లో ఆ జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కోఠీ రెసిడెన్సీ మీద పడ్డారు. వాళ్ల గురించి మనకి తెలిసింది చాలావరకు వాళ్లని వేటాడినవాళ్ల కాగితాల్లోంచే. అందుకే మే 17 నాటి ఆ దిల్లీ సంచిక నాకు అంత కీమతీగా అనిపిస్తుంది.

రసెల్‌కి 1895లో సర్ బిరుదిచ్చారు. లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో ఆయన యాద్‌గార్ ఉంది. మా ఉర్దూ మీడియం బడిలో ముహమ్మద్ హుసేన్ ఆజాద్ పేరు బాగానే చెప్పారు. ఉర్దూ షాయరీ తారీఖ్ 'ఆబె హయాత్' రాసినాయన అన్నారు. ఆయన మౌల్వీ బాకర్ కొడుకని మాత్రం ఎవరూ చెప్పలేదు. దిల్లీ ఇల్లు ఖాళీ చేసి కుటుంబంతో పారిపోయేటప్పుడు ఆజాద్ వెంట తీసుకున్నది ఉస్తాద్ జౌఖ్ గజళ్ల కట్ట. ఆయన మీద కూడా వారెంటు ఉంది. ఊళ్లు పట్టుకు తిరిగి చివరికి లాహోర్ చేరి, తండ్రిని చంపిన సర్కార్‌లోనే నౌక్రీ చేశారు.