బాట నడిపినవారు



కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డలమీదుగా కడపకు పోవు రహదారిపై చాగలమర్రి యున్నది. ఊరు దాటి కొంతదూరము పోగానే కడప జిల్లా పొలిమేర. ఇచట రైలు స్టేషను లేదు. ధాన్యము మార్కెట్టునకు పోవలెనన్నను, పిల్లలు పైచదువునకు పోవలెనన్నను, రోగి పెద్దాసుపత్రికి పోవలెనన్నను బాటయే గతి. అట్టి బాటను నడిపించినవారెవరు? వారు ఏ పనులనుండి ఈ పనికి వచ్చిరి? ఈ చరిత్రము మన యిండ్లలోని బిడ్డల బ్రతుకుతెరువునకు సంబంధించినది గనుక కొంచెము సావకాశముగా విచారింతము.

రైళ్లకు, బస్సులకు పూర్వము దూరదేశములకు సరకు మోసినవారు లంబాడీలు. రాయలసీమలో వారిని సుగాలీలందుము. వారు సముద్రతీరపు ఉప్పును లోపలి సీమలకును, లోపలి సీమల ధాన్యమును తీరమునకును ఎద్దులపై పెరికలు వేసి తోలుకొని పోవుచుండిరి. పెద్ద బిడారులలో వేలకొలది యెద్దులుండెడివి. బండిచక్రము సాగని కనుమలలో సయితము పెరికెద్దు నడచును. ఏ మజిలీలో నీరున్నది, ఏ మాసమున ఎచట మేత దొరకును, ఏ వాగు ఎప్పుడు దాటరాదు అను సంగతులు వారికి కరతలామలకములు. 1791లో కారన్‌వాలీసు ప్రభువు టిప్పు సుల్తానుపై దండెత్తినపుడు ఇంగ్లీషు సైన్యమునకు ధాన్యము చేర్చినవారిలో వీరు ముఖ్యులు. రాజ్యములు మారినను బిడారులు ఆగలేదు.

వానిని ఆపినది రైలు. 19వ శతాబ్దపు చివరిపాదమున గుంటకల్లు–బెజవాడ రైలుదారి నంద్యాలమీదుగా నల్లమలను దాటిపోయెను. రైలుపెట్టె ఒక్కరాత్రిలో మోసుకొనిపోవు బరువును ఎద్దులు ఎన్ని దినములు మోసినను తీరదు. తరతరాల వృత్తి పోయిన లంబాడీలకు మరియొక కీడు మూడినది. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని విస్తరించి, వారిలో అనేకులను పుట్టుకతోనే అనుమానితులుగా నెంచెను. అది దేశమంతట పూర్తిగా రద్దగుట 1952లోగాని జరుగలేదు. నాటివరకు దేశమునకు ఉప్పు తెచ్చి పెట్టినవారు ఊరు విడిచి పోవుటకు పోలీసువారి అనుమతి కోరవలసి వచ్చెను. వారికి తెలిసిన బాటల విద్యను క్రొత్త రవాణాలో వినియోగించుకొందమన్న తలంపు ఆనాటి దొరతనమునకు కలుగకపోవుట విచారకరము.

ఇక హైదరాబాదు సంగతి చూతము. నేడు తెలుగునాట తిరుగు ఆర్టీసీ బస్సులకు మూలము అచటనే యున్నది. 1932 జూనులో నిజాము రైల్వేకు అనుబంధముగా ఒక రోడ్డు రవాణా శాఖ ఏర్పడెను. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు, అంతియే సంపద. బస్సు నడుపుటకు పూనుకొన్నవారు రైలువారగుట గమనింపదగినది. బండి నిండినప్పుడుగాక వేళ యైనప్పుడు కదలవలెననుటయు, ప్రతి పైకమునకు టికెట్టు ఉండవలెననుటయు రైలువారికి అలవాటైన క్రమశిక్షణ. అది బస్సునకు పెట్టని సొమ్మయ్యెను. ఆ శాఖయే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందెను.

ఇటీవలి హైదరాబాదు మెట్రో రైలు మరియొక దృష్టాంతము. 2017 నవంబరు 28న 30 కిలోమీటర్లతో ప్రారంభమై, 2020 ఫిబ్రవరినాటికి 69 కిలోమీటర్లకు పెరిగిన ఆ దారి నిర్మాణమును ప్రభుత్వముపక్షమున నడిపించిన ఎన్.వి.ఎస్. రెడ్డిగారు ఇంజనీరు కారు. రైల్వే లెక్కలశాఖనుండి వచ్చిన అధికారి. ఇంత పెద్దపనికి లెక్కలవాడేల యని సందేహింపవచ్చును. ఆ మెట్రో ప్రైవేటు కంపెనీ పెట్టుబడితో ప్రభుత్వ భాగస్వామ్యమున కట్టబడినది. స్తంభము నిలుపుటకు ఇంజనీరు ఎంత అవసరమో, ఒప్పందములోని ప్రతి అంకెను చదువగలవాడును అంత అవసరము.

కడపట ఒక తండా బిడ్డను గూర్చి చెప్పెదను. వి. సరితగారు తెలంగాణములోని సంస్థాన్ నారాయణపురము ప్రాంతపు లంబాడీ కుటుంబమున పుట్టిరి. ముందు ఆటో నడిపిరి. 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొట్టమొదటి మహిళా బస్సు డ్రైవరైరి. 2025లో స్వరాష్ట్రమునకు వచ్చి తెలంగాణ ఆర్టీసీలోను తొలి మహిళా డ్రైవరుగా చక్రము పట్టిరి. ఏ జాతివారి బిడారులను రైలు బాటనుండి తొలగించెనో, ఆ జాతి ఆడుబిడ్డ దేశరాజధాని వీథులలో నిండు బస్సు నడిపెను. ఇది ఎవరి దయయు కాదు. బరువు వాహనపు లైసెన్సు పరీక్ష అందరికిని ఒక్కటే.

కులవృత్తిని మించినది లేదని పెద్దలందురు. ఆ మాటలో అనుభవమున్నది. కాని బస్సు ఏ ఒక్క కులమునో మోయునది కాదు. అందులో రైతు, చాకలి, పంతులు, గర్భిణి, చదువుకొను పిల్ల కలిసి కూర్చుందురు. ఇందరి అవసరములు ఒక్క తీరువారికే తెలియవు. సంతనాడు మూటలెన్ని వచ్చునో రైతుబిడ్డకు తెలియును. ప్రొద్దుగూకిన వెనుక ఒంటరి స్త్రీ ఎచట దిగుటకు జంకునో మహిళా కండక్టరునకు తెలియును. బండి వచ్చు రొదలోనే దాని జబ్బు కమ్మరి యింట పెరిగినవానికి తోచును.

ఈ ఉద్యోగము సులభమని నేననను. రాత్రి డ్యూటీలు, ఇంటికి దూరము, ప్రమాదభయము ఉన్నవి. తలిదండ్రులు ఆలోచించుట న్యాయమే. అయినను, పట్టా పుచ్చుకొన్న కుమారుడు డిపోలో ఉద్యోగము చేసెదనన్నను, కుమార్తె స్టీరింగు పట్టెదనన్నను "ఇది మన యింటి పని కాదు" అని మాత్రము త్రోసిపుచ్చవలదు. ఆ బిడ్డకు ఏమి వచ్చునో, ఆ పనికి ఏమి కావలెనో విచారించి అప్పుడు ఔననుడు, కాదనుడు. పెద్దలకు ఇదియే నా విన్నపము.