కాల్‌మన్ పుస్తకం, డ్రైవర్ నిద్ర

మాది గంజాం జిల్లా రామయ్యపట్నం, సముద్రం ఒడ్డు. నాన్న ఉద్యోగం కర్ణాటకలో కావడంతో నేను బడిలో కన్నడమే చదివాను. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే, తప్పులుంటే పెద్దలు దిద్దండి.

తాతయ్య మాత్రం వల పట్టలేదు. పలాసలో రైల్వే కాల్‌మన్‌గా చేశారు. ఆవిరి ఇంజన్ల రోజులు. బండికి రెండు గంటల ముందు డ్రైవర్ ఇంటి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. తలుపు తీసిన మనిషి కళ్ళు చూస్తే ఎంత నిద్రపోయాడో తెలిసిపోయేదని చెప్పేవారు.

మన వైపు రైలు 1890లలో వచ్చింది. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసిన ఆ లైనులో ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. ఖుర్దారోడ్ నుంచి బరంపురం మీదుగా పలాసకి సుమారు 220 కిలోమీటర్లు. రెండు చోట్లా డ్రైవర్లు మారతారు.

ఎక్స్‌ప్రెస్‌కి టైం ఉంది కాబట్టి ఎవరు ఏ బండి ఎక్కాలో ముందే ‘లింకు’ వేస్తారు. గూడ్సుకి అలా కుదరదు. ఎక్స్‌ప్రెస్‌లకి దారి ఇస్తూ లూప్ లైన్లో గంటలకొద్దీ నిలబడుతుంది. బండి కదలకపోయినా డ్రైవర్ డ్యూటీ గంటలు నడుస్తూనే ఉంటాయి. అవి నిండితే వేరేవాళ్ళని ఇంకో బండిలో ‘స్పేర్’గా పంపాలి. అప్పుడు ఇక్కడి బండికి మనిషి తక్కువ అవుతాడు. దిగినవాళ్ళకి రన్నింగ్ రూములో విశ్రాంతి ఇవ్వాలి, అది కోస్తే రేపటి లెక్క చెడుతుంది.

ఈ గంటలకి హద్దు ఊరికే రాలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపినవారు 1894లో మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి. చాలా ఏళ్ళ తరవాత, 1973 ఆగస్టులో లోకో సిబ్బంది సమ్మె చేస్తే, డ్యూటీ 10 గంటలు దాటదని ప్రభుత్వం మాటిచ్చింది. మరుసటి ఏడు మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె జరిగినప్పుడు రాష్ట్రపతి కూడా గిరిగారే. మాట ఇచ్చినంత మాత్రాన అన్ని గూడ్సు బండ్లకీ 10 గంటలు అమలు కాలేదు, అందుకే ఆ కోరిక మళ్ళీ మళ్ళీ లేస్తూనే ఉంది.

ఇప్పుడు తలుపు కొట్టే పని లేదు, కబురు ఫోన్‌కే వస్తుంది. జాబితాని కంప్యూటర్ చూసుకుంటుంది. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. హెడ్‌క్వార్టర్‌లో 16 గంటల విశ్రాంతి అని ఉంటే, 16 నిండాయా లేదా అన్నది ప్రోగ్రాం చెప్పగలదు. ఆ గంటలు ఎండలో, పిల్లల గోలలో గడిచాయా, కంటికి కునుకు పట్టిందా అన్నది చెప్పలేదు. తాతయ్య తలుపు దగ్గర చూసింది అదే కదా!

మీ ఇంట్లో రైలు నడిపిన పెద్దలు ఉంటే ఇప్పుడే కూర్చోబెట్టి అడగండి. విన్నది రాసి పెట్టండి.