పరాయి దేశంలో మన ఆట

ఇల్లు విడిచి దూరదేశం పోయినవాడికి మొదట గుర్తుకొచ్చేది అమ్మ చేతి వంట. తరువాత ఊరి కబుర్లు. ఆ తరువాత, నవ్వకండి, మ్యాచ్ స్కోరు! గత యాభై ఏళ్లుగా మన సోదరులు గల్ఫ్ దేశాల్లో ఉంటూ మన ఆటను ఎలా విన్నారు, ఎలా చూశారు అన్నది పైకి చిన్న విషయమే. కాని మన వలసల చరిత్రలో అదీ ఒక పుట. ఆ పుటను ఈ సంచికలో కాస్త తిప్పి చూద్దామనుకున్నాము.

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి గల్ఫ్‌లో పనులు పుట్టుకొచ్చాయి. హైదరాబాదు పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి మనవాళ్లు బయలుదేరారు. ఒక్కో గదిలో ఎనిమిది పదిమంది కాపురం. ఆ గదిలో అందరిదీ అనదగ్గ ఆస్తి ఒక్కటే, ట్రాన్సిస్టరు. షార్ట్ వేవ్ తరంగాలు ఆకాశంలో పై పొరకు తగిలి తిరిగి నేలకు దిగుతాయి గనుక, సముద్రాలు దాటి కూడా ఆకాశవాణి వినబడేది. అయితే ఒక ఓవరు వినబడితే మరో ఓవరు గరగరల్లో కలిసిపోయేది. ఏరియల్‌కు తీగ చుట్టి, ఆ తీగ కొసను కిటికీకి కట్టి, ఒకడు దాన్ని పట్టుకొని కదలకుండా నిలబడాలి. కదిలాడంటే గదిలో అందరి చీవాట్లూ వాడికే!

1975 మార్చి 15న కౌలాలంపూరులో మన హాకీ జట్టు పాకిస్తాన్‌ను 2-1 గోల్స్‌తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచింది. అంతకు ముందు మలేషియాతో సెమీఫైనల్లో, ఆట చేజారుతున్న వేళ స్కోరు సమం చేసినవాడు అస్లం షేర్ ఖాన్. 1984 డిసెంబరు 31న కలకత్తాలో టెస్టుల్లో అడుగుపెట్టిన మన హైదరాబాదు కుర్రవాడు అజహరుద్దీన్ తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టాడు. రేడియోలో ఆ పేరు వినబడినప్పుడల్లా దూరదేశంలో ఉన్నవాడికి తన గల్లీవాడినే పిలిచినట్టుండేది. ఇంకో సంగతి. అక్కడ అబ్బా, ఇక్కడ బేటా ఒకే గొంతును ఒకే క్షణాన వినేవారు. ఉత్తరం చేరడానికి రోజులు పట్టే ఆ కాలంలో ఇద్దరూ కలిసి కూర్చున్నది ఆ కామెంటరీ ముందే.

తరువాత ఆటే వాళ్ల దగ్గరకు నడిచొచ్చింది. అబ్దుల్ రహమాన్ బుఖాతిర్ అనే అరబ్బు వ్యాపారి పూనుకొని షార్జాలో స్టేడియం కట్టించాడు. 1984 ఏప్రిల్‌లో తొలి ఆసియా కప్పు అక్కడే జరిగింది, గెలిచింది మనమే. 1985 మార్చి 22, శుక్రవారం. మనవాళ్లు 125కే అవుటై కూడా పాకిస్తాన్‌ను 87కే ఆపేశారు. 1986 ఏప్రిల్ 18, అదీ శుక్రవారమే. ఆఖరి బంతికి 4 పరుగులు కావాలి. మియాందాద్ సిక్సరు కొట్టాడు. ఆ రాత్రి మనవాళ్ల గదుల్లో ముద్ద దిగలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. భారత్-పాకిస్తాన్ మ్యాచ్ వచ్చిందంటే మన దేశంలో మన పిల్లల మనసును అనుమానంగా చూసేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అలాంటివారు ఆ శుక్రవారం ఆ గదుల్ని చూసి ఉండాల్సింది. పక్క గదిలో పాకిస్తానీ తోటి కార్మికులు మిఠాయి పంచుతున్నారు. ఇటువైపు మనవాళ్లు తల వంచుక్కూర్చున్నారు. చూసేవాడు లేడు, రుజువు అడిగేవాడూ లేడు. ఇల్లు ఏదో మనసుకు తెలుసు, అంతే. మర్నాడు మళ్లీ అదే బస్సులో అందరూ కలిసే పనికి వెళ్లారు.

ఆ తరువాత వీడియో క్యాసెట్లు చేతులు మారాయి. 1991లో స్టార్ టీవీ ఉపగ్రహం ద్వారా ఈజిప్టు నుంచి జపాను దాకా ప్రసారాలు మొదలుపెట్టడంతో మేడల మీద డిష్షులు లేచాయి. 1995 ఫిబ్రవరిలో మన సుప్రీం కోర్టు, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వ గుత్తసొత్తు కాదని తీర్పిచ్చింది. ఆటల ప్రసార హక్కుల వ్యాపారం ఏటికేడు పెరిగింది. ఏ దేశపు హక్కు ఆ దేశానికి విడిగా అమ్మడం ఆనవాయితీ అయింది. 2010లో ఐపీఎల్ మ్యాచ్‌లను యూట్యూబ్‌లో చాలా దేశాలవారు ఉచితంగా చూశారు గాని, ఆ ముచ్చట నిలవలేదు.

ఇప్పటి వింత చూడండి. గరగరలాడిన ఆ పాత రేడియో తరంగం ఎవరి పాస్‌పోర్టూ అడగలేదు. హద్దుల్లేనిదని అందరూ చెప్పే ఇంటర్నెట్టు మాత్రం అడుగుతోంది! ఇక్కడ డబ్బు కట్టి తీసుకున్న యాప్ విమానం దిగగానే పలకదు. ఫోను ఏ దేశపు నెట్‌వర్కులో ఉందో దాన్నిబట్టి తలుపు తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుంది.

అందుచేత ప్రయాణమయ్యే మన పిల్లలకు రెండు మాటలు. వెళ్లే దేశంలో ఆ పోటీ హక్కు ఎవరిదో ముందే కనుక్కోండి. ప్రపంచ కప్పు వంటి ఐసీసీ పోటీలైతే, హక్కు ఎవరికీ అమ్మని దేశాల్లో ఐసీసీ వారి సొంత యాప్‌లో చూసే వీలుంది. ఎవరో పంపిన దొంగ లింకులో బ్యాంకు కార్డు నంబరు కొట్టకండి. వీపీఎన్ పెట్టి చూసేద్దామనే తొందర వద్దు. ఎమిరేట్స్‌లో దాన్ని చట్టవిరుద్ధమైన పనికి వాడితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దాకా ఉంది, జైలు కూడా ఉంది. ఒక్క మ్యాచ్ కోసం ఇంటిల్లిపాదీ ఏడవాలా?

ఇంకొకటి. ఇవాళ ఒకే గదిలో నలుగురుంటే నాలుగు ఫోన్లు, నాలుగు జతల ఇయర్‌ఫోన్లు. ఒకడు అరిచిన అర నిమిషానికి రెండోవాడికి సిక్సరు కనబడుతుంది. వీలున్నంత వరకు ఒక్క టీవీ ముందు కూర్చోండి. ఖర్చు పంచుకోండి, చాయ్ పంచుకోండి. ఆట అయ్యాక ఇంటికి ఫోను చేసి స్కోరుతోనే మాట మొదలుపెట్టండి. కిటికీ దగ్గర తీగ పట్టుకొని నిలబడ్డ ఆ సోదరులు వెతుక్కున్నది స్కోరు ఒక్కటే కాదు, ఇంటి గొంతును కూడా. అల్లా వారందరినీ చల్లగా చూడుగాక.