టి.ఆర్. మహాలింగం (వేణువు)

తిరువిడైమరుదూరు రామస్వామి మహాలింగం (6 నవంబరు 1926 – 31 మే 1986) కర్ణాటక సంగీతంలో వేణువు బాణీనే మార్చిన విద్వాంసుడు. అభిమానులకు 'మాలి'. అదే పేరున్న తమిళ సినీ నటగాయకుడు వేరు.

తంజావూరు జిల్లాలో పుట్టిన మాలికి మేనమామ జాల్రా గోపాలయ్యర్ గాత్రం నేర్పబోయాడు. పిల్లవాడి మనసు మాత్రం పిల్లనగ్రోవి మీదే. ఎవరూ చెప్పకుండానే 'విరిబోణి' వర్ణం వాయించేశాడు. పచ్చిమిరియం ఆదియప్పయ్య కట్టిన ఆ భైరవి వర్ణానికి సాహిత్యం తెలుగే. మద్రాసులో, మైలాపూరులో, 1933లో ఏడేళ్ల వయసులో తొలి కచేరీ చేశాడు.

శరభశాస్త్రి, ఆయన శిష్యుడు పల్లడం సంజీవరావు వేణువును కచేరీ వాద్యంగా నిలబెట్టారు. అయినా స్వరాలు విడివిడిగా వినిపించేవి; గమకం అందేది కాదు. మాలి మందమైన వెదురు, ఎనిమిది రంధ్రాల వేణువు ఎంచుకుని, పెదవి ఒత్తిడినీ వేళ్ల పట్టునూ మార్చాడు. రంధ్రాన్ని సగం మూస్తూ తెరుస్తూ స్వరాన్ని జార్చాడు. త్యాగరాజ కీర్తనలో తెలుగు మాట ఎక్కడ విరగాలో అక్కడే ఊపిరి విరిచినట్టుండేది. గాత్రమే వెదురులోంచి వచ్చిందనిపించేది.

కచేరీలకు రాకపోవడం, వచ్చినా మధ్యలో ఆపేయడం ఆయనకు మామూలే; జనం టిక్కెట్లు కొనడమూ మానలేదు. కొంతకాలం అమెరికాలో ఉన్నాడు. 1986లో పద్మభూషణ్‌ను తిరస్కరించాడు. శిష్యుల్లో ఎన్. రమణి 1996లో సంగీత కళానిధి అయ్యాడు.